'లాగ్' టేబుల్ 'లూ' అయిన రాత్రి

(సిస్టమ్ అడ్మిన్ల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే.

ముందు ఒక ప్రశ్న. రాత్రి ఒక ఫైలు పాడైందని అలారం వచ్చింది, పొద్దున్న వచ్చి చూస్తే అదే ఫైలు శుభ్రంగా ఉంది. ఇలాంటిది అనుభవమైనవాళ్లు చేతులెత్తండి. అమ్మో, సగం హాలు ఉంది. అప్పుడేం చేశారు? "రీబూట్ చేశాం" అంటున్నారు ముందు వరసలో. (నవ్వులు) నేనూ అదే చేశాను, కాబట్టి నాకు నవ్వే హక్కు లేదు.

పూర్తిగా చచ్చిపోయిన సర్వర్‌తో నాకు పేచీ లేదండి. పోయింది, మార్చాం, అయిపోయింది. పదిసార్లు నిజం చెప్పి పదకొండోసారి అబద్ధం చెప్పే సర్వర్‌తోనే నిద్ర కరువవుతుంది. పైగా ఆ అబద్ధం లోడ్ ఎక్కువగా ఉన్నప్పుడే చెబుతుంది. మనం తీరిగ్గా కూర్చుని పరీక్షిస్తే బుద్ధిగా ఉంటుంది. దాంతో ఎవరైనా అనే మొదటి మాట, "లోడ్ వల్ల డేటా పాడవుతోంది" అని. ఇవాళ ఆ మాట మీదే నా గొడవంతా. లోడ్ డేటాని పాడు చేయదు. ఎక్కడో ముందే ఉన్న తప్పు దగ్గరికి డేటాని తీసుకెళ్తుంది, అంతే.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన చోట ఒక బ్యాకప్ సర్వర్ ఉండేది. సర్వర్ అని పేరే గానీ లోపల ఉన్నది డెస్క్‌టాప్ బోర్డు, ఈసీసీ, అంటే తప్పైన బిట్‌ని తనంతట తానే దిద్దుకునే ఏర్పాటు, లేని మామూలు ర్యామ్. రెండు 16 జీబీ మాడ్యూళ్లు. "బ్యాకప్‌కే కదా, చాలు" అన్నారు. బ్యాకప్ మిషన్ దగ్గరే పిసినారితనం ఎందుకు చూపిస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. రాత్రి ఒంటిగంటకి పది పన్నెండు సర్వర్ల నుంచి డంపులు, అంటే డేటా మొత్తం కాపీలు, ఒకేసారి వచ్చి దాని మీద పడేవి.

ఒకరోజు ఒక డేటాబేస్ డంపుని రీస్టోర్ చేస్తుంటే, 'లూ' అనే టేబుల్ లేదని ఎర్రర్ వచ్చింది. ఎల్, ఓ, ఓ. మా దగ్గర అలాంటి టేబులే లేదు. అరగంట వెతికాక తెలిసింది: అది 'లాగ్' టేబుల్. ఎల్, ఓ, జి. చివరి 'జి' కాస్తా 'ఓ' అయింది. ఇంగ్లీషులో 'లూ' అంటే బాత్రూమే కదా, లాగ్ టేబుల్ బాత్రూమ్ అయిపోయింది. (నవ్వులు) నవ్వండి, ఫర్వాలేదు. ఆ రోజు మా మేనేజరూ నవ్వారు. ఆ అక్షరం కాకుండా ఒక అంకె మారి ఉంటే ఏ ఎర్రరూ వచ్చేది కాదు, తప్పు మొత్తంతో రీస్టోర్ అయిపోయేది. అది తట్టాక నవ్వు ఆగిపోయింది.

ఆ తర్వాత నెల రోజులు మేం చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోయాం. డిస్క్ కేబుల్ మార్చాం. వారం ప్రశాంతం. "సమస్య పరిష్కారమైంది" అని నేను మెయిల్ పెట్టాను. మళ్లీ ఒక ఆర్కైవ్ విప్పుతుంటే సీఆర్సీ ఎర్రర్, అంటే డేటా మారిందో లేదో చూసే లెక్క తప్పింది. డిస్క్ మార్చాం. పది రోజులు ప్రశాంతం. రెండో మెయిల్. కెర్నల్ అప్‌గ్రేడ్ చేశాం, మూడో మెయిల్. మూడో మెయిల్‌కి ఎవరూ జవాబు కూడా ఇవ్వలేదు.

ర్యామ్ మీద అనుమానం రాలేదా అంటే వచ్చింది. ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ అనే ర్యామ్ పరీక్ష నడిపాం. నాలుగు పాస్‌లు, సున్నా ఎర్రర్లు. దాంతో ర్యామ్‌ని నిర్దోషి అని వదిలేశాం. ఆ రాత్రి మేం క్యాబినెట్ మూత తీసి ఉంచాం. మాడ్యూళ్లు ఓసారి ఊడదీసి మళ్లీ పెట్టి, మూత ఎందుకులే పొద్దున్నే బిగిద్దాం అని వదిలేశాం. డిస్కులు ఖాళీ, నెట్‌వర్క్ ఖాళీ, చల్లగాలి నేరుగా ర్యామ్ మీదికి. నేరం ఎండలో జరిగితే మేం చలిలో విచారణ చేశాం.

చివరికి చేసింది మొదటి రోజే చేయాల్సిన పని: పాడైన బైట్లని కళ్లతో చూడటం. సోర్స్ సర్వర్లలో ఒరిజినల్ ఫైళ్లు ఇంకా ఉన్నాయి. అప్పటిదాకా పాడైన మూడు ఫైళ్లనీ, వాటి ఒరిజినళ్లనీ వేరే మిషన్ మీదికి తెచ్చి సీఎంపీ కమాండ్‌కి మైనస్ ఎల్ ఇచ్చి పోల్చాను. తేడా ఉన్న ప్రతి బైటు స్థానం, అక్కడి రెండు విలువలు చూపిస్తుంది. విలువలు ఆక్టల్‌లో, అంటే ఎనిమిదుల లెక్కలో ఇస్తుంది, మామూలు అంకెల్లోకి మార్చి చెబుతాను. గిగాబైట్ల కొద్దీ ఉన్న మూడు ఫైళ్లలో, ఫైలుకి ఒక్కటంటే ఒక్క బైటు తేడా. మొదటిదాంట్లో 103 ఉండాల్సిన చోట 111. అవే మన 'జి', 'ఓ' అక్షరాల కోడ్ నంబర్లు. రెండోదాంట్లో 196 కి బదులు 204. మూడోదాంట్లో 34 కి బదులు 42.

ఏమైనా కనిపిస్తోందా? అవును, మూడింట్లోనూ సరిగ్గా 8 పెరిగింది. అంటే 8 విలువున్న ఒకే బిట్. ప్రతిసారీ సున్నా ఒకటైంది, ఒకటి సున్నా అయిన సందర్భం లేదు. ఆ తర్వాత మూడు స్థానాల్నీ 4096 తో భాగించి శేషం చూశాను. సీఎంపీ ఒకటి నుంచి లెక్కపెడుతుంది కాబట్టి ఒకటి తీసేసి భాగించాలి. మూడింటికీ 2676. రాత్రి పదకొండు గంటలప్పుడు అనుకుంటా, కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఎందుకంటే 4096 అనేది మెమరీ పేజీ సైజు. ఏ ఫైలైనా డిస్కుకి వెళ్లే ముందు, డిస్కు నుంచి వచ్చాక, ర్యామ్‌లో పేజ్ కాష్‌లో 4096 బైట్ల ముక్కలుగా కూర్చుంటుంది. వేర్వేరు రోజుల్లో వచ్చిన వేర్వేరు ఫైళ్లు పేజీలో ఒకే గడి దగ్గర, ఒకే బిట్ దగ్గర పాడయ్యాయంటే, డిస్కుకీ కేబుల్‌కీ ఆ లెక్క కుదరదు. ర్యామ్‌లో ఒక్క గడి చెడింది. ఏ ఫైలు ముక్క ఆ రోజు ఆ పేజీలో కూర్చుంటే దాని ఖర్మ. అక్కడ ముందే ఒకటి ఉంటే ఏమీ తెలియదు. సున్నా ఉంటే ఒకటవుతుంది.

లోడ్ ఉన్నప్పుడే ఎందుకన్నది కూడా దీంతో తేలిపోయింది. పగలు ఆ మిషన్ ర్యామ్‌లో మూడో వంతు కూడా వాడేది కాదు. చెడ్డ గడి ఖాళీ ఇంట్లో ఉంది, అక్కడికి వెళ్లేవాడే లేడు. రాత్రి డంపులు పడ్డప్పుడు పేజ్ కాష్ ఉబ్బి ర్యామ్ మూలమూలలా నిండేది. దానికి తోడు వేడి.

ఇంకో విషయం తేలింది, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. బ్యాకప్ సర్వర్ మీద మా స్క్రిప్టు ప్రతి ఫైలుకీ షా-256 చెక్‌సమ్, అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి అంకె, లెక్కగట్టి పక్కన రాసిపెట్టేది. ఫైలు వచ్చి చేరాక, అదే మిషన్ మీద. అంటే ఫైలు చెడ్డ పేజీలో కూర్చుని పాడయ్యాక, ఆ పాడైనదాన్నే చదివి చెక్‌సమ్ వేసి "ఇది అసలైనదే" అని ముద్ర గుద్దేది. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదేనండి. మూడు పాడైన ఫైళ్లలో రెండింటికి చెక్‌సమ్ చక్కగా సరిపోయింది. అప్పటినుంచి నాది ఒకటే పట్టు: చెక్‌సమ్ డేటా పుట్టిన చోటే పుట్టాలి, డేటాతో పాటే ప్రయాణం చేయాలి.

మరి మూడో ఫైలు? దానికి చెక్‌సమ్ సరిపోలేదు. మళ్లీ లెక్కగడితే మళ్లీ అదే తప్పు. అప్పుడు సింక్ కొట్టి, డ్రాప్ కాషెస్‌కి 3 రాసి, పేజ్ కాష్ ఖాళీ చేసి చదివాను. సరిపోయింది! డిస్కు మీద ఫైలు మొదటినుంచీ బాగానే ఉంది, చదివినప్పుడు కాష్‌లోకి వచ్చిన కాపీ చెడింది. సీఎంపీకి ఇచ్చింది కూడా ఆ చెడ్డ కాపీ నుంచి పంపిందే. కాష్ ఖాళీ చేసి మళ్లీ చదవడం అర నిమిషం పని. ఆ అర నిమిషం డిస్కుకీ మెమరీకీ మధ్య గీత గీస్తుంది. మేమేమో అంతకుముందు "కరప్ట్" అని అలాంటి ఫైళ్లు ఎన్నో డిలీట్ చేసేశాం. వాటిలో మంచివి ఎన్నో లెక్క తెలియదు.

నెట్‌వర్క్ సంగతేమిటని అడుగుతారు. ఫైళ్లు వచ్చేది ఎస్ఎస్‌హెచ్ అనే ఎన్‌క్రిప్ట్ చేసిన కనెక్షన్ మీద. దారిలో ఒక్క బిట్ మారినా ఎస్ఎస్‌హెచ్ ఊరుకోదు, "కరప్టెడ్ మ్యాక్ ఆన్ ఇన్‌పుట్" అని కనెక్షన్ తెంపేస్తుంది. లాగుల్లో అది ఒక్కసారీ లేదు. ఎన్‌క్రిప్షన్ లేకుండా ఉత్త టీసీపీ మీద పంపి ఉంటే అంత ధైర్యంగా చెప్పలేకపోయేవాణ్ణి. టీసీపీ చెక్‌సమ్ 16 బిట్లే, పదహారేసి బిట్ల పదాలు రెండు తారుమారైనా కూడిక మారదు కాబట్టి దానికి తెలియదు. ఈథర్నెట్ సీఆర్సీ గట్టిదే గానీ ప్రతి రౌటర్ దగ్గరా కొత్తగా లెక్కగడతారు, రౌటర్ సొంత మెమరీలో పాడైతే పాడైన దానికే కొత్త సీఆర్సీ పడుతుంది. 2000లో స్టోన్, పార్ట్రిడ్జ్ అనే ఇద్దరు నిజమైన ట్రాఫిక్ కొలిచి చూస్తే, సీఆర్సీ దాటి వచ్చిన ప్యాకెట్లలో 1,100కి ఒకటి నుంచి 32,000కి ఒకటి దాకా టీసీపీ చెక్‌సమ్ దగ్గర తప్పాయి. 2008 జూలైలో అమెజాన్ వాళ్ల స్టోరేజ్ సర్వీసు ఎస్3 గంటల తరబడి ఆగిపోయింది గుర్తుందా? సర్వర్లు ఒకదానికొకటి తమ స్థితి చెప్పుకునే మెసేజ్‌లలో ఒక్క బిట్ మారడమే కారణమని వాళ్లే రాశారు. కస్టమర్ల డేటాకి ఎండీ5 చెక్‌సమ్ ఉంది, ఆ లోపలి మెసేజ్‌లకి లేదు.

సరే, మాది ర్యామ్. మీది ర్యామే కానక్కర్లేదు. అందుకే పాడైన బైట్ల ఆకారం చూడమనేది. ఒక్క బిట్ అయితే మెమరీ వైపో ప్రాసెసర్ వైపో చూడండి. 64 బైట్ల ముక్క అయితే కాష్ లైన్ గుర్తుకు రావాలి. 512 గానీ 4096 గానీ సరిగ్గా హద్దుల మీద మొదలై హద్దుల మీద ముగిస్తే, స్టోరేజ్ దారిలో ఎక్కడో ఉంది. ఆ ముక్కలో ఏముందన్నది ఇంకా ముఖ్యం. అన్నీ సున్నాలా? నిన్నటి పాత డేటానా? అంటే రాసినట్టు చెప్పి రాయలేదు. పక్క ఫైలు డేటానా? అంటే రాశారు గానీ వేరే ఇంట్లో రాశారు.

సున్నాల కథ ఒకటి. 2015లో అల్గోలియా అనే సెర్చ్ కంపెనీ వాళ్ల ఫైళ్లలో 512 బైట్ల మేర సున్నాలు కనపడటం మొదలైంది. ట్రిమ్, అంటే ఏ బ్లాకులు ఇక అక్కర్లేదో ఎస్ఎస్‌డీకి చెప్పే ఆదేశం, ఆపితే సమస్య పోతోంది, ఒక కంపెనీ ఎస్ఎస్‌డీలున్న సర్వర్లలోనే వస్తోంది. సహజంగా డ్రైవ్‌లనే తిట్టారు. తీరా తేలింది లినక్స్ కెర్నల్‌లో, రెయిడ్ (చాలా డిస్కుల్ని ఒకటిగా వాడే పద్ధతి) మీద ట్రిమ్ రిక్వెస్టుల్ని ముక్కలు చేసే చోట ఉన్న బగ్ అని.

2018 చివర్లో లినక్స్ కెర్నల్ 4.19 వచ్చినప్పుడు కూడా ఇంతే. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ పాడవుతోందని గోల. వారాల తరబడి ఈఎక్స్‌టీ4 వాళ్లు తలపట్టుకున్నారు. అసలు తప్పు కింది అంతస్తులో, డిస్కులకి రిక్వెస్టులు పంపే బ్లాక్ లేయర్‌లో. డివైస్ బిజీగా ఉండి రిక్వెస్టుని తిప్పి పంపితే, అప్పటికే తయారైపోయిన ఆ రిక్వెస్టుని మామూలు క్యూలో పెట్టేవారు, అక్కడ అది వేరే రిక్వెస్టుతో కలిసిపోయేది. డివైస్ బిజీగా ఉండటమనే షరతు చూడండి. లోడ్ లేని మిషన్ మీద ఆ దారి తలుపే తెరుచుకోదు.

2023 నవంబర్లో ఓపెన్‌జెడ్‌ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వంతు. అప్పుడే రాసిన ఫైలుని ఆ క్షణంలోనే కాపీ చేస్తే, కాపీలో సున్నాల గుంతలు. ఫైల్ సిస్టమ్ "ఇక్కడ ఖాళీ" అని తప్పు చెప్పింది, కాపీ ప్రోగ్రామ్ నమ్మింది. కొత్తగా వచ్చిన బ్లాక్ క్లోనింగ్ అనే కాపీ పద్ధతిని మొదట అనుమానించారు, చూస్తే బగ్ దానికంటే చాలా పాతది. ప్రతి బ్లాకుకీ చెక్‌సమ్ ఉన్న ఫైల్ సిస్టమ్ అది! సున్నాలకి కూడా సరైన చెక్‌సమ్ పడింది మరి. మా స్క్రిప్టు చేసిన పనే.

ఇంత పెద్ద కథలు అన్నిసార్లూ అక్కర్లేదు. నేను చూసినవాటిలో ఎక్కువసార్లు దొరికిన దొంగ క్రాన్ జాబ్, అంటే టైము ప్రకారం దానంతటదే నడిచే పని. గంటకోసారి నడుస్తుంది, మామూలుగా ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. లోడ్ ఉన్న రోజు గంటా పది నిమిషాలు పడుతుంది. రెండోది మొదలయ్యేసరికి మొదటిది ఇంకా నడుస్తుంటుంది, ఇద్దరూ ఒకే టెంప్ ఫైల్లో రాస్తుంటారు. సగం ఒకరిది, సగం ఇంకొకరిది. ఒక్క ఎఫ్‌లాక్ తాళం పెడితే పోయేదానికి మదర్‌బోర్డులు మార్చినవాళ్లని చూశాను.

ఇక ప్రాసెసర్. చాలాకాలం నేను కూడా "సీపీయూ తప్పు లెక్క చేస్తుందా, ఊరుకోండి" అనేవాణ్ణి. 2021లో ఫేస్‌బుక్ ఇంజనీర్లు ఒక పేపర్ రాశారు. ఫైళ్లని డీకంప్రెస్ చేస్తుంటే కొన్ని మాయమవుతున్నాయి. తవ్వుకుంటూ పోతే ఒక మిషన్‌లో ఒక్క కోర్ దగ్గర ఆగింది. 1.1 ని 52వ ఘాతానికి హెచ్చించి పూర్ణాంకం తీస్తే 142, సరిగ్గానే చెప్పింది. 53వ ఘాతానికి 156 రావాలి, సున్నా చెప్పింది. ఫైలు సైజు సున్నా అని లెక్క తేలితే ఆ ఫైలుని ఎవరు రాస్తారు? లాగులో ఒక్క లైను లేదు, క్రాష్ లేదు.

మళ్లీ మా సర్వర్ దగ్గరికి వద్దాం. తప్పు పట్టుకున్నానని నాకు నమ్మకం కుదిరింది. కానీ మూడు మెయిళ్లు పెట్టినవాణ్ణి, నాలుగోది ఎవరు నమ్ముతారు? ఇక్కడ చిన్న లెక్కుంది, స్టాటిస్టిక్స్ వాళ్లు రూల్ ఆఫ్ త్రీ అంటారు. n సార్లు ప్రయత్నిస్తే ఒక్కసారీ తప్పు రాలేదనుకోండి, అసలు తప్పు వచ్చే అవకాశం 3 బై n కంటే తక్కువని 95 శాతం నమ్మకంతో అనొచ్చు. మాకు సుమారు పదకొండు రాత్రులకోసారి ఎర్రర్ వచ్చేది. అంటే ముప్ఫై మూడు రాత్రులు శుభ్రంగా గడిస్తే తప్ప "బాగైంది" అనే హక్కు లేదు. నేను వారానికీ పది రోజులకీ మెయిల్ పెట్టేశాను!

ముప్ఫై మూడు రాత్రులు ఆగలేం కాబట్టి ఎర్రర్‌నే తొందరపెట్టాం. మూత బిగించాం. ఫియో అనే డిస్కు పరీక్ష టూల్‌తో వెరిఫై ఆప్షన్ పెట్టి ర్యామ్ కంటే పెద్ద డేటా రాయించి చదివించాం, డైరెక్ట్ ఆప్షన్ తీసేసి, అంతా పేజ్ కాష్ గుండా వెళ్లేలా. పక్కన స్ట్రెస్-ఎన్‌జీతో ప్రాసెసర్‌ని కాల్చాం. నలభై నిమిషాల్లో మొదటి ఎర్రర్. ఎర్రర్ చూసి చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి. అప్పుడు ఒక మాడ్యూల్ తీసేసి మూడు గంటలు నడిపాం, శుభ్రం. దాన్ని పెట్టి రెండోది తీస్తే పాతిక నిమిషాల్లో ఎర్రర్. స్లాటు మార్చి పెట్టాం, ఎర్రర్ మాడ్యూల్ వెంటే వచ్చింది. నాలుగో మెయిల్‌లో ఈ మూడు ఫలితాలూ రాశాను.

ఒక హెచ్చరిక చెప్పి ప్రశ్నలకి వెళ్తాను. పాడైందని తెలిసిన క్షణం చేయాల్సిన మొదటి పని పాత బ్యాకప్‌లు చెరిపే రొటేషన్ ఆపడం. మనం తలగోక్కుంటూ కూర్చున్న వారం రోజుల్లో, మంచి కాపీలన్నీ వరసగా పోయి చెడ్డవి మిగులుతాయి. అలాగే మెమరీ మీద అనుమానం ఉన్న మిషన్‌లో ఫైల్ సిస్టమ్‌ని రిపేర్ చేసే ఎఫ్ఎస్‌సీకే నడపొద్దు. అది చెడ్డ ర్యామ్‌లో ఆలోచించి మంచి డిస్కుని "బాగు" చేస్తుంది.

ప్రశ్న: సార్, ఈసీసీ ర్యామ్ ఉంటే ఈ తలనొప్పే ఉండదు కదా?

మా తలనొప్పి ఉండేది కాదు, నిజమే. మామూలు ఈసీసీ 64 బిట్లకి 8 బిట్లు అదనంగా ఉంచుకుంటుంది. ఒక బిట్ తప్పయితే దిద్దుతుంది, రెండయితే దిద్దలేదు గానీ కేక వేస్తుంది. కానీ ఈసీసీ పెట్టుకుని దాని కౌంటర్లు ఒక్కసారీ చూడనివాళ్లు ఎందరో. గూగుల్ సర్వర్ల మీద 2009లో వచ్చిన అధ్యయనంలో, ఏడాదిలో 8 శాతానికి పైగా మాడ్యూళ్లలో ఎర్రర్లు కనపడ్డాయి. కాబట్టి ఆ కౌంటర్లు చూసి చెప్పే రాస్‌డెమన్ ప్రోగ్రామ్ పెట్టుకోండి, దిద్దిన ఎర్రర్ల లెక్క పెరుగుతుంటే ఆ మాడ్యూల్ తీసేయండి. ఇక కెర్నల్ బగ్గుకీ క్రాన్ జాబుకీ ఈసీసీ ఏం చేస్తుంది చెప్పండి?

ప్రశ్న: మా సర్వర్ అసలే లోడ్‌తో మూలుగుతోంది. చెక్‌సమ్‌లు కూడా పెడితే ఇంకా కుంగిపోదా అండీ?

మంచి ప్రశ్నమ్మా. షా-256 అన్నిచోట్లా అక్కర్లేదు, అది కావాలని మార్చేవాళ్ల కోసం. పొరపాటున మారే బిట్లకి సీఆర్సీ32సీ చాలు. దానికి ఇంటెల్ ప్రాసెసర్లలో 2008 నుంచే ప్రత్యేకంగా ఒక ఇన్‌స్ట్రక్షన్ ఉంది, డిస్కు కోసం ఎదురుచూసే టైముతో పోలిస్తే అది లెక్కలోకే రాదు. మీరు వాడే డేటాబేస్ ఏమిటి? పోస్ట్‌గ్రెస్సా. 18వ వెర్షన్ నుంచి కొత్తగా పెట్టే క్లస్టర్లకి డేటా చెక్‌సమ్స్ వాటంతటవే ఆన్ అవుతాయి. మీది పాతదైతే సర్వర్ ఆపి, పీజీ-చెక్‌సమ్స్ అనే టూల్‌తో ఆన్ చేసుకోవచ్చు, 12 నుంచి ఉంది. ఇప్పుడే ల్యాప్‌టాప్ తీసి "షో డేటా అండర్‌స్కోర్ చెక్‌సమ్స్" అని కొట్టి చూడండి. ఏం వచ్చింది? ఆఫా? సరే, విరామంలో నా దగ్గరికి రండి, మీ డేటా సైజెంతో, సర్వర్ ఎంతసేపు ఆపగలరో చూసి చెబుతాను.